ఇంటి క్రింద పందికొక్కు

తెలుగునుంచి ఇంగ్లీషులోకి వెళ్ళి స్థిరపడిన మాటలు చాలా తక్కువ. ఆ తక్కువలో ఒకటి పందికొక్కు. ఇంగ్లీషు నిఘంటువులలో ‘బాండికూట్’ అని కనిపించే మాట మన పందికొక్కే. కొక్కు అంటే ఎలుక. పందివంటి ఎలుక కనుక పందికొక్కు అయినది. ఆస్ట్రేలియాకు వెళ్ళిన ఐరోపావారు అక్కడ పొడుగాటి మూతితో మట్టిని గెలికే ఒక చిన్న సంచిజంతువును చూచి, దానికీ దీనికీ చుట్టరికం ఏమీ లేకపోయినా, ఈ పేరే పెట్టారు. ఈ విధంగా మాట సముద్రాలు దాటిపోయినది గాని, జంతువు మాత్రం మన ఇంటి పునాది విడిచిపోలేదు. దానిని అక్కడినుండి ఎట్లా పంపవలె అన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల శ్రోతలకు పందికొక్కును పరిచయం చేయనక్కరలేదు. ఈ మూడు ఊళ్ళ చుట్టూ వరి ఉన్నది. వరి ఉన్నచోట పందికొక్కు ఉంటుంది. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరానికి పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టులో కాలువలలోకి నీరు వదిలారు. లాల్ బహదూర్ కాలువ అని పిలిచే ఎడమ కాలువ నీరు అందిన తరువాత మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు మెట్టభూములు ఎన్నో మాగాణులైనవి. సూర్యాపేట వైపు మూసీ ప్రాజెక్టు ఉన్నది. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుపొందిన ఊరు. సూర్యాపేట మార్కెట్టుకు కోతల రోజులలో వడ్లు రాశులుగా వచ్చిపడతవి. హైదరాబాదునుంచి విజయవాడకు పోయే రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగానే సాగుతుంది. కళ్ళంనుంచి మార్కెట్టుకు, మార్కెట్టునుంచి మిల్లుకు, మిల్లునుంచి లారీకి గింజ చేతులు మారిన ప్రతిచోటా నాలుగు గింజలు నేల రాలుతవి. మనకు ఆ నాలుగు గింజలు లెక్కలోనివి కావు. పందికొక్కుకు అవే సంసారం.

పొలంలో పంట నిలిచి ఉన్నంతకాలం అది గట్లలో కాపురం చేస్తుంది. కంకులను కొరికి కలుగులోకి లాగుకొనిపోయి, అడుగున గదులు త్రవ్వి దాచుకొంటుంది. ఒక్కొక్క కలుగులో కిలోకు మించిన వడ్లు దొరకడం కద్దు. కోత అయిన చేలలో కలుగులు త్రవ్వి, ఆ గింజలతో కడుపు నింపుకొన్న పేదలు వెనుకటి రోజులలో ఎందరో ఉండేవారు. కోస్తా జిల్లాల యానాదులు ఈ విద్యలో ఆరితేరినవారు. వానాకాలపు పంట కోసిన తరువాత ఒకసారి, యాసంగి పంట కోసిన తరువాత ఒకసారి పొలంలో తిండి కరువౌతుంది. పెద్ద వానలకు కలుగులలోకి నీరు చేరితే ఉండడానికి చోటు కూడా పోతుంది. అప్పుడు అది ఊరి దారి పడుతుంది. ఊరిలో ఉన్నవన్నీ పొలంనుంచి వచ్చినవే అనుకోరాదు. మురికికాలువల గట్లలో, గిడ్డంగుల అడుగున పుట్టి పెరిగి, ఏనాడూ వరిచేను చూడనివి కూడా ఉంటవి. 1960లలో జువాన్ స్పిల్లెట్ అనే శాస్త్రజ్ఞుడు చిన్నజాతి పందికొక్కును గురించి విపులంగా పరిశోధించినది పొలాలలో కాదు, కలకత్తా మహానగరపు ధాన్యపు గిడ్డంగులలో.

మన ఇండ్ల కట్టడం కూడా దానికి అనుకూలంగానే ఉన్నది. పునాది గోడల నడుమ మట్టి నింపి, పైన నాపబండలు పరచి, సందులకు సిమెంటు పూయడం మన వాడుక. నింపిన మట్టిని నీరు పోసి దిమ్మిసతో గట్టిగా కొట్టినట్లయితే చిక్కులేదు. తొందరలో కట్టిన ఇండ్లలో ఆ మట్టి వదులుగా ఉండిపోతుంది. త్రవ్వడమే వృత్తిగా గల జంతువుకు అంతకంటె మెత్తని నేల ఎక్కడ దొరుకుతుంది? తెల్లవారేసరికి గోడవారగా గంపెడు మట్టి కుప్పపడి ఉంటుంది. కొన్నాళ్ళకు వంటగదిలో బండ ఒక మూల క్రుంగుతుంది. ఆ తరువాత గడప దగ్గర చీలిక కనిపిస్తుంది. ఎలుక జాతికి ముందుపండ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటవి. వాటిని అరగదీసుకోవలసిన అవసరం ఉండడం చేత, ఆకలి లేనప్పుడు కూడా అది చెక్కను, తీగను, ప్లాస్టిక్ గొట్టాన్ని కొరకక మానదు.

నష్టం వస్తువులతో ఆగిపోదు. ఎలుకల, పందికొక్కుల మూత్రం కలిసిన నీటి ద్వారా, బురద ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు మనుష్యులకు సోకుతుంది. కాలిమీది చిన్న పుండు చాలు, ఆ క్రిమి లోపలికి పోవడానికి. జ్వరం, పిక్కలలో తీవ్రమైన నొప్పి, కొందరికి కామెర్లు కనిపిస్తవి. వరిమడిలో పనిచేసేవారు, మురికికాలువలు శుభ్రం చేసేవారు దీనికి ముందుగా గురి అవుతారు. ఇటువంటి జ్వరంతో వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు ఇంట్లో పందికొక్కులు ఉన్నవన్న మాట కూడా చెప్పడం మంచిది. వ్యాధిని త్వరగా గుర్తిస్తే మందులు ఉన్నవి.

ఇంతకూ ఇంటి క్రింద ఉన్నది పందికొక్కే అని తేల్చుకోవడం మొదటి పని. మేము ఈ మాటను నొక్కి చెప్పడానికి కారణం ఉన్నది. ఇంటిలో ఘాటైన కంపు కొట్టగానే పందికొక్కు అని మందు పెట్టేవారు చాలామంది. నిజానికి ఆ వాసన చాలాసార్లు చుంచుది. చుంచు ఎలుక జాతిది కానే కాదు. సూదివంటి మూతి, కనీ కనిపించని కళ్ళు, గోడ వెంబడి కిచకిచమంటూ పరుగు, ఇవి దాని గుర్తులు. ప్రక్కలలో ఉండే గ్రంథులనుంచి ఆ వాసన వస్తుంది. దాని ప్రధానాహారం బొద్దింకలు, పురుగులు. పునాదులు త్రవ్వే పని దానికి లేదు. ఒక పిల్ల తల్లి తోక మొదలు, ఇంకొక పిల్ల ఆ పిల్ల తోక మొదలు పట్టుకొని వరుసగా పోతూ ఉంటవి. అటువంటి దానిని చంపడం వలన ఇంటికి బొద్దింకలు పెరగడం తప్ప మరొక లాభం లేదు. పందికొక్కు మూతి మొద్దుగా ఉంటుంది. వెంట్రుకలు ముతకవి. ఎదిరిస్తే ఒళ్ళు ఉబ్బించి పందివలె గుర్రుమంటుంది. చిన్నజాతిది పావుకిలో, ఆ పైన తూగుతుంది. పెద్దజాతిది కిలో వరకు ఉండవచ్చును. ఇవి రెండూ కాక, తోటలున్న చోట్ల ఎప్పుడైనా పునుగుపిల్లి అటకమీదనో, కట్టెల క్రిందనో చేరుతుంది. అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్న జంతువు. దానిని ముట్టక అటవీశాఖవారికి కబురు చేయవలె. కలుగులో ఎలుక ఉన్నదని నమ్మి చేయి పెట్టడం ఎట్టి పరిస్థితులలోను కూడదు. ఎలుక త్రవ్విన కలుగులో త్రాచు ఉండడం మన పల్లెలలో అందరూ ఎరిగినదే.

అమెరికా ఖండంలో స్కంక్ అనే జంతువు ఉన్నది. పిల్లి అంత ఉంటుంది. నల్లని ఒంటిమీద తెల్లని చారలు. భయపడినప్పుడు తోక ఎత్తి దుర్వాసన గల ద్రవాన్ని చిమ్ముతుంది. ఆ కంపు బట్టలకు పట్టితే రోజులకొద్దీ పోదు. అదికూడా ఇండ్ల క్రింద చేరి కాపురం పెడుతుంది. అక్కడి గృహస్థులు దానిని రెచ్చగొట్టడానికి జంకుతారు కనుక ఓపికగా ఒక పద్ధతిని అవలంబిస్తారు. కన్నం ముందు పిండి చల్లి, అడుగుజాడలను బట్టి అది రాత్రి బయటికి పోయినదో లేదో చూస్తారు. లోపల పిల్లలు ఉన్నవేమో కనుక్కొంటారు. అంతా వెళ్ళిపోయిన తరువాతనే కన్నం మూసి, మరల త్రవ్వకుండా నేలలోకి ఇనుప వల దింపుతారు. పందికొక్కు దుర్వాసన చిమ్మదు కనుక మనకు ఆ ఓపిక అలవాటు కాలేదు. కాని పద్ధతి మనకు కూడా పనికివచ్చేదే.

మనము సాధారణంగా చేసేది ఇందుకు విరుద్ధం. కలుగులో బిందెలకొద్దీ నీరు పోస్తాము. పందికొక్కు మరొక ద్వారంనుంచి బయటపడుతుంది. నీరు మాత్రం పునాదిలోకి ఇంకుతుంది. గడ్డీ మిరపకాయలూ వేసి పొగ పెడతాము. ఇంట్లో పిల్లలు దగ్గుతారు. ఒక్కొక్కసారి ప్రక్కనున్న కట్టెలు అంటుకొంటవి. డాంబరు గోళీలు వేస్తాము. అది వాటిని మట్టితో కప్పి ఇంకొక ప్రక్క త్రవ్వుతుంది. ఎలుకమీద కోపంతో ఇల్లు తగలబెట్టుకొన్నట్లు అన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఇక విషం సంగతి. దీనిని గురించి కొంచెం వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే ఇక్కడ పోయేది మనుష్యుల ప్రాణం. జింక్ ఫాస్ఫైడ్ అనే నల్లని పొడిని నూకలలో కలిపి పొలాలలో వాడడం మన రైతులకు తెలుసు. పందికొక్కు అనుమానపు జంతువు. కొత్త తిండిని ముందు కొద్దిగా రుచి చూస్తుంది. చావక బ్రతికితే మరల ఆ ఎరను ముట్టదు. అందుకనే విషం లేని నూకలను ఒకటి రెండు రోజులు పెట్టి అలవాటు చేయమని వ్యవసాయ శాఖవారు చెబుతారు. అది పొలానికి తగిన పని. పసిపిల్లలు ప్రాకే ఇంటికి తగినది కాదు. బజారులో దొరికే కొన్ని ఎలుకల పేస్టులలో పచ్చ భాస్వరం ఉంటుంది. అది నోటిలోకి పోయినవారు ఒకటి రెండు రోజులు బాగానే ఉన్నట్లు కనిపించి, తరువాత కాలేయం చెడి ప్రాణాపాయంలో పడతారు. దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. రొట్టెమీద పూసి పెట్టిన ఆ పేస్టు పిల్లవానికి తినుబండారంవలె కనిపిస్తుందని పెద్దలు మరచిపోరాదు. పొరపాటున ఎవరి నోటిలోకైనా పోయినట్లయితే, లక్షణాలకోసం వేచి ఉండక, ఆ డబ్బా కూడా వెంట తీసుకొని వెంటనే ఆసుపత్రికి పోవలె. బాగానే ఉన్నాడు గదా అని ఇంటికి తిరిగి తీసుకొనిరారాదు.

ఇంతకంటె ప్రమాదకరమైనది ధాన్యానికి వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ గోళీ. గిడ్డంగులలో శిక్షణ పొందినవారు, తలుపులు బిగించి, మనుష్యులను దూరంగా ఉంచి దీనిని వాడుతారు. తేమ తగలగానే దానినుంచి విషవాయువు బయలుదేరుతుంది. మిల్లులున్న ఊళ్ళలో ఎవరినైనా అడిగి ఒక గోళీ తెచ్చి ఇంటి క్రింది కలుగులో వేయాలన్న ఆలోచన కొందరికి రావచ్చును. ఆ వాయువు కలుగు దారిన, బండల సందుల దారిన పైన నిద్రిస్తున్నవారి గదిలోకి వస్తుంది. దానికీ విరుగుడు లేదు. కనుక నివాసమున్న ఇంటిలో ఆ గోళీని ఎన్నడూ వాడరాదు.

విషం వలన ప్రమాదం లేదనుకొన్నా, అది చేసే మేలు నిలిచేది కాదు. 1940లలో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం తరఫున డేవిడ్ డేవిస్, జాన్ ఎమ్లెన్ మొదలైన శాస్త్రజ్ఞులు వీధివీధికీ ఎలుకల లెక్క తీశారు. విషం పెట్టి, బోనులు పెట్టి ఎలుకలను తగ్గించిన వీధులలో కొన్ని నెలలకే మరల మునుపటి సంఖ్య వచ్చినది. చెత్త తీసివేసి, దాగే చోట్లు పాడుచేసి, ఇండ్లు బాగుచేసిన వీధులలో తగ్గిన సంఖ్య తగ్గినట్లే నిలిచినది. ఒక వీధిలో ఎన్ని ఎలుకలు ఉండవలెనో నిర్ణయించేది ఎలుకలు కావు, ఆ వీధిలోని తిండి, చోటు అని తేలినది. పందికొక్కు విషయంలో ఇది మరింత నిజం. మూడు వారాలకే అది ఈనుతుంది. ఒక ఈతలో ఆరేడు పిల్లలు మామూలు. మనము చంపే వేగం కంటె అది పుట్టించే వేగమే ఎక్కువ.

అందుచేత ఇంటి పనిని ఒక క్రమంలో చేసుకోవలె. మొదట సాయంకాలం ఇంటి చుట్టూ తిరిగి, కనిపించిన కన్నాలన్నిటినీ వదులు మట్టితో మూయవలె. వాటి ముందు కాస్త ముగ్గుపిండి చల్లవలె. తెల్లవారి చూస్తే ఏ కన్నం తెరుచుకొన్నదో, ఎటు జాడలు పోయినవో తెలుస్తుంది. తెరుచుకొన్నదే కాపురమున్న కలుగు. మిగిలినవి పాడుబడినవి.

రెండవది తిండి. వడ్ల బస్తాలను నేలమీద గోడకు ఆనించి పెట్టరాదు. బల్లలమీద, గోడకు అడుగు ఎడంగా ఉంచవలె. బియ్యం మూత గట్టిగా పడే రేకుడబ్బాలో ఉండవలె. రాత్రి అంట్లు కడగకుండా ఉంచడం, కోళ్ళకు చల్లిన గింజలు, పశువుల తొట్టిలో దాణా మిగల్చడం, ఇంటి వెనుక చెత్త పోయడం మానవలె. మూడవది చాటు. గోడకు ఆనించిన కట్టెలమోపులు, పాత ఇటుకలు, గడ్డివాములు దూరంగా జరపవలె. పందికొక్కు బయలు నేలమీద నడవడానికి భయపడుతుంది.

నాలుగవది బోను. దానిని మొదటి రెండు మూడు రాత్రులు తలుపు పడకుండా కట్టివేసి, లోపల ఎండుచేపో కొబ్బరిముక్కో పల్లీలో పెట్టి ఊరుకోవలె. అది జంకు లేకుండా తిని పోవడం మొదలైన తరువాత తలుపు వదలవలె. పడినదానిని ఉత్త చేతులతో ముట్టరాదు. చంపక తప్పనప్పుడు కొట్టి కొట్టి హింసించక ఒక్కమారుగా ప్రాణం తీయడం మనుష్య ధర్మం. చేతకానివారు పురపాలక సంఘపు పారిశుధ్య సిబ్బంది సహాయం అడగవచ్చును. చచ్చినదానిని కాలువలో వేయక లోతుగా పాతిపెట్టవలె.

చివరిది మూయడం. చాలామంది దీనిని మొదట చేస్తారు. లోపల జంతువు ఉండగా బయట సిమెంటు పూస్తే అది వంటగదిలోకి త్రవ్వుకొని వస్తుంది. లేదా పిల్లలతో సహా లోపలనే చచ్చి, పదిహేను రోజులు ఇల్లంతా కుళ్ళువాసన పెడుతుంది. వరుసగా మూడు నాలుగు రోజులు ముగ్గుమీద జాడ పడకపోతే అప్పుడు కలుగును తెరిచి, రాళ్ళూ మట్టీ వేసి దిమ్మిసతో కొట్టి, పైన కాంక్రీటు వేయవలె. మరల మరల త్రవ్వే గోడ ఉంటే, దాని వెంబడి రెండడుగుల లోతున కందకం తీసి, అర అంగుళం మించని కన్నుల ఇనుపవలను దింపి, అడుగున ఒక అడుగు బయటివైపుకు మడిచి మట్టి కప్పవలె. పందికొక్కు గోడను ఆనుకొని త్రవ్వుతుంది. వల అడ్డు తగిలిన చోట దూరంగా పోయి త్రవ్వవలెనని దానికి తోచదు. నీళ్ళు పోయే తూములకు జాలీలు బిగించవలె. ఇదంతా మేస్త్రీ ఒకటి రెండు రోజులలో చేయగల పని. కొత్త ఇల్లు కట్టేవారు మట్టిని దిమ్మిస చేయించుకొంటే ఆ ఖర్చు కూడా ఉండదు.

ఇంతా చేసినా మిగిలే చిక్కు ఒకటి ఉన్నది. మన పట్టణాలలో గోడకు గోడ తగిలి ఇండ్లు ఉంటవి. ఒక ఇంటివారు శుభ్రపరచుకొంటే పందికొక్కు ప్రక్కింటికి మారుతుంది. బోనులో పడినదానిని చంపడానికి మనసొప్పక తెల్లవారుజామున పక్కవీధిలో వదిలివచ్చేవారు ఉన్నారు. ఆ వీధివారు దానిని మరల పట్టి ఇటు తెచ్చి వదలడానికి అడ్డు ఏమున్నది? ఇట్లా ఇరుగుపొరుగుల మధ్య మాటలు పెరిగి, ఎలుక కలుగు కంటె లోతైన చీలికలు ఏర్పడతవి. మున్సిపాలిటీ వచ్చి ఏమైనా చేయవలెనని ఇంటివారు, ఇంటివారు చెత్త వేయకుండా ఉండవలెనని మున్సిపాలిటీవారు ఒకరిమీద ఒకరు పెట్టుకొంటూ ఉంటే ఆ నడుమ తీరిక దొరికేది పందికొక్కులకే.

వీధిలోని పది ఇండ్లవారు ఒక ఆదివారం కలుసుకొని, ఒకే సాయంకాలం కన్నాలన్నీ లెక్కపెట్టి, ఒకే వారంలో చెత్తా చాటూ తీసివేసి, ఒకేసారి మూసుకొంటే అది పోవడానికి చోటు ఉండదు. కోత ముగిసిన వెంటనే, పొలంనుంచి వలస మొదలుకాకముందే ఈ పని పెట్టుకొంటే మరింత మేలు. మిల్లులవారు, మార్కెట్టువారు తమ ఆవరణలో రాలిన గింజను ఏపూటకాపూట ఊడిపించితే చుట్టుప్రక్కల పేటలన్నిటికీ ఉపకారం చేసినవారౌతారు. పొలం గట్ల సంగతి తెలుసుకోదలచిన రైతుసోదరులకు హైదరాబాదు రాజేంద్రనగరంలోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ, పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులోని వరి పరిశోధన కేంద్రం ఎలుకల నివారణలో చేసిన కృషి గురించి తమ మండల వ్యవసాయాధికారి చెప్పగలరు.

పందికొక్కు మనమీద పగబట్టి రాలేదు. మనము రాల్చిన గింజ, విడిచిన సందు, పేర్చిన చాటు చూచి వచ్చినది. వాటిని మనము తీసివేస్తే అది నిలువలేదు. అవి ఉన్నంతకాలం ఎంత విషం తెచ్చినా పోదు. ఈ సాయంకాలం ఒకసారి దీపం తీసుకొని ఇంటి చుట్టూ తిరిగి చూడవలసిందిగా శ్రోతలను కోరుతున్నాము.